పెద్దవాళ్లకి ఇంటి దగ్గరే సంరక్షణ: అపోహలు - వాస్తవాలు

పెద్దవయసు వాళ్లకి ఉన్న ఇంట్లోనే, ఉన్న వీధిలోనే దీర్ఘకాలిక సంరక్షణ అందేలా చూడటం నా ఉద్యోగం. ఏ ఇంటికి ఎవరిని ఎప్పుడు పంపాలో చూసే కోఆర్డినేటర్ పని. ఈ ప్రోగ్రామ్‌లని పెంచుదాం అనే మాట వచ్చిన ప్రతిచోటా కొన్ని అపోహలు తప్పకుండా ఎదురవుతాయి, వాటిలో సగం మా రంగంవాళ్లు పుట్టించినవే.

అపోహ: ఇది వైద్యం పని, డాక్టరు, నర్సు ఉంటే సరిపోతుంది.

వాస్తవం: అమెరికాలో సిడ్నీ కాట్జ్ బృందం 1963లో ఒక కొలమానం ప్రచురించింది, ఇప్పటికీ చాలాచోట్ల అదే వాడతారు. స్నానం, బట్టలు వేసుకోవడం, టాయిలెట్‌కి వెళ్లడం, మంచం మీంచి లేచి కుర్చీలోకి మారడం, మలమూత్రాల మీద అదుపు, తినడం - ఈ 6 పనుల్లో మనిషి ఎన్ని సొంతంగా చేసుకోగలరన్నదే లెక్క. ఇందులో ఎక్కడా మందు పేరు లేదు చూడండి. "స్నానం అయిందండీ" అంటారు పెద్దాయన. బాత్రూమ్‌లోకి తొంగిచూస్తే సబ్బు ఎండిపోయి పగుళ్లు తేలి ఉంటుంది, తువ్వాలు వేసిన మడత వేసినట్టే ఉంటుంది. ఆయనకి బద్ధకమా అంటే కాదు, గడప ఎత్తుగా ఉంది, పట్టుకుందామంటే తువ్వాలు ఆరేసుకునే రాడ్ తప్ప ఇంకేం లేదు, అది ఆయన బరువు ఆపదని ఆయనకి తెలుసు. పడిపోతానని భయమని చెప్పుకోలేక "అయింది" అనేస్తారు. గోడకి గట్టిగా బిగించిన హ్యాండిల్, స్నానం చేయడానికి ఒక కుర్చీ, తోడుగా నిలబడటానికి ఒక మనిషి ఉంటే ఆయన సమస్య చాలావరకు తీరిపోతుంది.

అపోహ: ఇంటి దగ్గర చూస్తే ప్రభుత్వానికి డబ్బు మిగులుతుంది.

వాస్తవం: ఇది మావాళ్లు అమ్మే మాట, నాకు అస్సలు నచ్చదు. తలకి ఇంత అని లెక్కేస్తే నర్సింగ్ హోమ్ కంటే (మన దగ్గర ఆ పేరుతో ఉండే చిన్న ఆసుపత్రి కాదు, పెద్దవాళ్లని ఉంచుకుని చూసుకునే చోటు) ఇల్లే చవక, చాలాసార్లు. కానీ 1980ల్లో అమెరికాలో ఇంటి దగ్గరే సాయం అందించే 'చానెలింగ్' అనే పెద్ద ప్రయోగం చేసి చూస్తే మొత్తం ఖర్చు తగ్గకపోగా పెరిగింది, ఎందుకంటే సాయం తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది ఎలాగూ నర్సింగ్ హోమ్‌కి వెళ్లేవాళ్లు కాదు. మరి దండగేనా? అదే ప్రయోగంలో సాయం అందక పడే ఇబ్బందులు తగ్గాయి, పెద్దవాళ్లకీ ఇంట్లోవాళ్లకీ కాస్త నిశ్చింత వచ్చింది. ఆ మాట చెప్పి డబ్బు అడగాలి. పొదుపు చూపిస్తామని మాటిచ్చి తెచ్చుకున్న ప్రోగ్రామ్‌కి, పొదుపు కనబడని ఏడాది బడ్జెట్ కోత తప్పదు.

అపోహ: తలుపులు తెరిస్తే జనం ఎగబడతారు, ఖజానా ఖాళీ.

వాస్తవం: ఎగబడటం మాట నిజమే. జపాన్ 2000లో పెద్దవాళ్ల సంరక్షణ ఖర్చుకి బీమా మొదలుపెట్టింది, అవసరం ఉందని గుర్తింపు పొందినవాళ్ల సంఖ్య ఆ తర్వాత రెండు దశాబ్దాల్లో 3 రెట్లు అయింది. కాకపోతే ఈ అవసరం కొత్తగా పుట్టుకొచ్చింది కాదు, అప్పటిదాకా ఏ కోడలో కూతురో జీతం లేకుండా మోసింది. జపాన్ పథకాన్ని మూసేయలేదు, సర్దుకుంటూ వచ్చింది: అవసరాన్ని 7 స్థాయిలుగా అంచనా వేస్తుంది, 40 ఏళ్లు నిండినవాళ్లందరి దగ్గరా ప్రీమియం తీసుకుంటుంది, సేవల ఖర్చులో మొదట అందరికీ 10 శాతంగా ఉన్న సొంత వాటాని ఆదాయం ఎక్కువ ఉన్నవాళ్లకి 20, 30 శాతానికి పెంచింది.

అపోహ: సేవలు వస్తే పిల్లలు చేతులు దులుపుకుంటారు.

వాస్తవం: ఇంకెవరో స్నానం చేయిస్తే కూతురు పక్కన కూర్చుని కబుర్లు చెబుతుంది, అంతే తేడా. జర్మనీలో 1995లో మొదలైన ఇలాంటి బీమాలో సేవ బదులు నగదు తీసుకోవచ్చు, ఇంట్లో చూసుకునేవాళ్ల పెన్షన్ ఖాతాకి కూడా ఆ బీమానే డబ్బు కడుతుంది, అక్కడ ఎక్కువమందిని ఇప్పటికీ ఇంట్లోనే చూసుకుంటున్నారు.

అపోహ: వాలంటీర్లతో లాగించేయొచ్చు.

వాస్తవం: కబుర్లకి, ఆసుపత్రికి తోడు వెళ్లడానికి వాలంటీర్లు బంగారం. రోజూ పొద్దున్నే డైపర్ మార్చడానికి, మనిషిని నడుము పట్టేయకుండా లేపడానికి మాత్రం శిక్షణ, జీతం రెండూ ఉన్న మనిషి కావాలి. విస్తరణ బోల్తా కొట్టేది సరిగ్గా ఇక్కడే! పేర్లు నమోదు చేసేస్తారు, పనివాళ్లని పెంచరు, దాంతో గంట విజిట్ పావుగంట అవుతుంది, ఇంటికీ ఇంటికీ మధ్య తిరిగే టైమ్‌కి జీతం ఉండదు, మంచివాళ్లు మానేస్తారు, మతిమరుపు ఉన్న మామ్మగారికి వారానికో కొత్త మొహం కనబడి ఆవిడ ఒళ్లు ముట్టుకోనివ్వరు. నెదర్లాండ్స్‌లో 2006లో మొదలైన బ్యూర్ట్‌జోర్గ్ అనే, ఇంటికొచ్చి చూసే నర్సుల సంస్థ ఒక పేటకి 12 మందికి మించని నర్సుల బృందాన్ని పెట్టి, షెడ్యూల్ వాళ్ల చేతికే ఇచ్చేసింది. ఎవరైనా విస్తరణ ప్లాన్ పట్టుకొస్తే నేను అడిగేది రెండే: రాత్రి 2 గంటలకి పడిపోతే ఎవరొస్తారు? రోజూ వచ్చే అమ్మాయి సెలవు పెడితే ఎవరొస్తారు?

అపోహ: ఇది బాగా నడిస్తే నర్సింగ్ హోమ్‌లు అక్కర్లేదు.

వాస్తవం: డెన్మార్క్ 1987లో చట్టం చేసి పాతతరహా నర్సింగ్ హోమ్‌లు కట్టడం ఆపేసింది, నిజమే. బదులుగా పెద్దవాళ్లకి అనువైన ఇళ్లు కట్టింది, వాటిల్లో కొన్నింటికి 24 గంటల సిబ్బందిని కూడా పెట్టింది. రాత్రంతా మనిషి అవసరమైనవాళ్లకి ఏదో ఒక రూపంలో అలాంటి చోటు ఉండాల్సిందే.