కల్లుప్పులో అయోడిన్ ఉండదా? థైరాయిడ్ అయోడిన్ డోస్ తీసుకునేవాళ్ల కోసం

మొన్న ఒకాయన కూతురి థైరాయిడ్‌కి రేడియో అయోడిన్ డోస్ కోసం వచ్చి, "ఉప్పు సంగతి మీరు చెప్పక్కర్లేదు సార్, మా ఇంట్లో మొదట్నుంచీ కల్లుప్పే" అన్నాడు ధీమాగా. ప్యాకెట్ ఫోటో తెప్పించమన్నా. వాళ్లావిడ వాట్సాప్‌లో పంపింది, వెనకాల మడత దగ్గర సన్నటి అక్షరాల్లో అయోడైజ్డ్ అనే ఉంది. డోస్‌కి ముందు అయోడిన్ ఉన్నవి తినకూడదని పాపం ఆ అమ్మాయి రెండు వారాలుగా గుడ్డు, చేప, పాలు అన్నీ మానేసి కూర్చుంది.

అపోహ: అంత పవర్ ఉన్న మందుకి చిటికెడు ఉప్పు అడ్డమా?

అడ్డమే! మేమిచ్చేది సోడియం అయోడైడే, కాకపోతే అందులో ఉండేది అయోడిన్-131, అంటే రేడియేషన్ ఇచ్చే అయోడిన్. థైరాయిడ్‌కి ఇది మందు, అది ఉప్పు అని తేడా తెలీదు, రక్తంలో ఏ అయోడైడ్ దొరికితే అదే లాక్కుంటుంది. 100 మిల్లీక్యూరీల (రేడియోధార్మికత కొలత) క్యాప్సూల్‌లో ఉండే రేడియో అయోడిన్ బరువు మైక్రోగ్రాము కూడా ఉండదు, దాదాపు 0.8. మనం తినే ఒక్క గ్రాము ఉప్పులో రూల్ ప్రకారం కనీసం 15 మైక్రోగ్రాములుండాలి. ఇప్పుడు చెప్పండి, ఎవరు ముందు సీటు పట్టుకుంటారు? ఆ ఉప్పుతోనే పెట్టిన ఆవకాయ కూడా లెక్కలోకే వస్తుంది. అయోడిన్ ఉండే కాంట్రాస్ట్ మందు ఎక్కించి చేసే సీటీ స్కాన్ అయితే ఇంకా ఘోరం, రెండు నెలల్లోపు చేయించుకునుంటే దాచకుండా చెప్పండి.

డాక్టరుగారు ఆ అమ్మాయి డోస్ వాయిదా వేశారు. "క్యాప్సూల్ ఫ్రిజ్‌లో పెట్టండి, మళ్లీ వస్తాం" అన్నాడు వాళ్ల నాన్న. చాలామంది అదే అంటారు, కానీ ఫ్రిజ్‌లో పెట్టినా రేడియేషన్ ఆపే లెడ్ పాట్‌లో పెట్టినా 8 రోజులకి సగం, 16 రోజులకి పావే మిగులుతుంది. ఇది గోడౌన్‌లో నిల్వ ఉండే సరుకు కాదు. టెల్లూరియం డయాక్సైడ్‌ని ముంబై దగ్గరి ట్రాంబే అణు రియాక్టర్‌లో న్యూట్రాన్లకి పెట్టి, తర్వాత కొలిమిలో కాల్చి, లేచిన అయోడిన్ ఆవిరిని సోడియం హైడ్రాక్సైడ్‌లో పట్టి చేస్తారు. ద్రావణాన్ని క్షారంగానే ఉంచాలి, ఆమ్లం తగిలితే అయోడిన్ గాల్లోకి లేస్తుంది, మేం ఫ్యూమ్ హుడ్ (ఆవిరిని లాగేసే పెట్టె) లేకుండా సీసా మూత తియ్యనిది అందుకే.

మిగతావి గబగబా చెప్పేస్తా. రొయ్యలు పడనివాళ్లకి ఇదీ పడదంటారు, తప్పు, రొయ్యల ఎలర్జీ వాటి ప్రొటీన్ వల్ల. జుట్టు మొత్తం ఊడిపోతుందన్నది కీమోతో కలిపేసి పుట్టించిన పుకారు. గర్భిణులకి మాత్రం ఇవ్వకూడదు, పాలిచ్చే తల్లి ముందే పూర్తిగా మాన్పించాలి, ఇవి అపోహలు కావు.

ఇక జన్మంతా రేడియేషన్ ఉంటుందని వణికిపోయేవాళ్లకి: ఎక్కువ భాగం మొదటి రెండ్రోజుల్లోనే యూరిన్‌లో పోతుంది. నీళ్లు బాగా తాగండి, ఫ్లష్ రెండుసార్లు కొట్టండి, పిల్లల్ని ఎత్తుకోవడం, పక్కలో పడుకోబెట్టుకోవడం డాక్టర్ చెప్పినన్ని రోజులు ఆపండి. ఒకామెని అత్తారింట్లో మూడు నెలలు వేరే గదిలో ఉంచి గుమ్మం దగ్గరే కంచం పెట్టారట, ఫాలోఅప్‌కి వచ్చి చెప్తూ ఏడ్చింది. రేడియేషన్ కొలిచే గీగర్ కౌంటర్ ఆమె మెడ దగ్గర పెట్టి, ఖాళీ గోడ దగ్గర కూడా పెట్టి భర్తకి చూపించా, రెండుచోట్లా ముల్లు ఒకేలా ఊగింది.