తప్పు మీ వేలిది కాదు: యాప్‌లు, ఏఐ మోసాల మీద అపోహలు - వాస్తవాలు

నేను హైదరాబాద్‌లో యాప్ స్క్రీన్లు డిజైన్ చేస్తా. మొన్న మా పిన్ని ఫోన్ చేసి "నాకే తెలివి లేదురా, ఏదో నొక్కేశా, నెలనెలా డబ్బులు కట్ అయిపోతున్నాయి" అని ఒకటే బాధ. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: చూసుకోకుండా నొక్కితే తప్పు మనదే.

వాస్తవం: కాదండీ. "సరే" పెద్దగా ఆకుపచ్చలో, "వద్దు" కనీ కనపడకుండా బూడిదరంగులో ఉండటం ఊరికే జరగదు, రెండు మూడు రకాల స్క్రీన్లు జనానికి చూపించి దేన్ని ఎక్కువమంది నొక్కుతున్నారో లెక్క చూసుకుని మరీ దాన్నే ఉంచుతారు. నేను పనిచేసిన ఒక చోట క్యాన్సిల్ బటన్‌ని మూడో పేజీ లోపలికి తొయ్యమన్నారు, తోశాను కూడా, ఆ పని చేసినందుకు ఇప్పటికీ సిగ్గుపడతా. ఇలా మనల్ని బోల్తా కొట్టించే డిజైన్లకి డార్క్ ప్యాటర్న్స్ అని 2010లో హ్యారీ బ్రిగ్నల్ అనే డిజైనర్ పేరు పెట్టాడు. మన దేశంలో 2023 నవంబర్ 30న వచ్చిన గైడ్‌లైన్స్‌లో ఇలాంటివి 13 రకాలు రాసి మరీ నిషేధించారు. మీరు అడక్కుండానే కార్ట్‌లో ఇన్సూరెన్సో విరాళమో చేరిపోవడం, చేరడం తేలిక మానడం నరకంలా ఉండే సబ్‌స్క్రిప్షన్లు, అన్నీ అందులో ఉన్నాయి. ఫిర్యాదుకి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. పిన్నికైతే యూపీఐ యాప్‌లో ఆటోపే దగ్గరికెళ్లి ఆ మాండేట్ (నెలనెలా డబ్బు కట్ చేసుకోడానికి ఇచ్చిన అనుమతి) ఆపించా.

అపోహ: డీప్‌ఫేక్ (ఏఐతో చేసిన నకిలీ వీడియో) అయితే వేళ్లు, కనురెప్పలు చూసి పట్టేయొచ్చు.

వాస్తవం: ఒకప్పుడు. 2023లో రష్మిక మందన్న అని తిరిగిన లిఫ్ట్ వీడియోలో ఉన్నది వేరే అమ్మాయి, ముఖం మాత్రమే మార్చారు, చిన్న ఫోన్ స్క్రీన్ మీద ఎంతమంది నిజమే అనుకున్నారో చూశాం కదా. గొంతు ఇంకా తేలిక, కొన్ని సెకన్ల ఆడియో దొరికితే చాలు. "అమ్మా యాక్సిడెంట్ అయింది, ఈ నంబర్‌కి డబ్బులు పంపు" అని అచ్చం మీ అబ్బాయి గొంతే వినిపించినా కట్ చేసి, మీ దగ్గర ముందునుంచీ ఉన్న వాడి నంబర్‌కి మీరే ఫోన్ చెయ్యండి. డబ్బు పోయిందా, క్షణం ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.

అపోహ: ఇవన్నీ సెలబ్రిటీల సమస్యలు.

వాస్తవం: మార్ఫింగ్ చెయ్యడానికి మామూలు అమ్మాయి డీపీ ఒక్కటి చాలు. మార్ఫింగ్ ఫొటోల మీద ఫిర్యాదు వస్తే సోషల్ మీడియా కంపెనీలు గడువులోగా తీసెయ్యాలని 2021 ఐటీ రూల్స్‌లోనే ఉంది. కానీ మన ఇళ్లల్లో ముందు చేసేది ఆ పిల్ల ఫోన్ లాక్కుని అకౌంట్ డిలీట్ చేయించడం. దయచేసి వద్దు, లింకులు స్క్రీన్‌షాట్లు ఆ ఫోన్‌లో, అకౌంట్‌లోనే ఉంటాయి, పోలీసులు ముందు అడిగేవి అవే.