గూగుల్ క్లాస్‌రూమ్ నుంచి మూడుల్‌కి మారిన లెక్చరర్ల అపోహలు - వాస్తవాలు

అపోహ: ఆన్‌లైన్ కోర్సులు నడిపే మూడుల్ సాఫ్ట్‌వేర్‌లో అనౌన్స్‌మెంట్స్ అంటే గూగుల్ క్లాస్‌రూమ్‌లో స్ట్రీమ్ లాంటిదే.

వాస్తవం: కాదండీ. ట్రైనింగ్ ఇచ్చిన ప్రతి డిపార్ట్‌మెంట్‌లోనూ ఇదే చెబుతున్నాను. స్ట్రీమ్‌లో మనం ఏదైనా పెడితే పిల్లలు కిందే కామెంట్ పెట్టేవారు. మూడుల్ అనౌన్స్‌మెంట్స్‌లో, సెట్టింగ్ మార్చకపోతే, రాసే హక్కు టీచర్‌కే ఉంటుంది.

ఫిజిక్స్ చెప్పే ఒక సీనియర్ మేడమ్ "యూనిట్ 3లో అర్థం కానివి ఇక్కడే రిప్లై ఇవ్వండి" అని అందులో పెట్టారు. వారం గడిచినా ఉలుకూ పలుకూ లేదు. "ఈ బ్యాచ్‌కి బొత్తిగా శ్రద్ధ లేదు బాబూ" అని బాధపడ్డారు. కోర్సులో స్విచ్ రోల్ నొక్కి, స్టూడెంట్‌కి ఆ పేజీ ఎలా కనిపిస్తుందో చూపించాను. రిప్లై బటనే లేదు. "అయ్యో, అనవసరంగా తిట్టాను కదా పిల్లల్ని!" అన్నారు. డౌట్స్ కోసం విడిగా ఒక ఫోరమ్ (అందరూ రాసుకునే చర్చా వేదిక) తెరిచి, యూనిట్‌కో డిస్కషన్ మొదలుపెట్టాం. ఆ రాత్రే డౌట్లు రావడం మొదలైంది.

ఇంకో చిక్కుంది. అనౌన్స్‌మెంట్స్ అయినా, వేరే ఫోరమ్ అయినా, అందులో పెట్టిన పోస్టు వెంటనే మెయిల్‌కి వెళ్లదు. దిద్దుకోవడానికని మామూలుగా 30 నిమిషాలు ఆగుతుంది. పావుగంటలో మొదలయ్యే క్లాసు రద్దయిందని పెడితే, పిల్లలు వచ్చి కూర్చున్నాక మెయిల్ అందుతుంది. పోస్టు రాసేటప్పుడు అడ్వాన్స్‌డ్ నొక్కితే, ఆలస్యం లేకుండా పంపమనే టిక్ బాక్స్ ఉంటుంది. మరీ అర్జెంటయితే వాట్సాప్ గ్రూప్ ఎలాగూ ఉంది, అందులో పెట్టేయండి. తప్పేం లేదు.

అపోహ: ఏదైనా తప్పు నొక్కితే కోర్సు మొత్తం పోతుంది.

ఈ పుకారు ఎవరు పుట్టించారో గానీ, రిటైర్మెంట్‌కి దగ్గరున్నవాళ్లు మౌస్ ముట్టుకోవడానికే భయపడుతున్నారు. టెన్షన్ పడకండి. అడ్మిన్ ఆపేయకపోతే, డిలీట్ చేసిన యాక్టివిటీ (క్విజ్, అసైన్‌మెంట్ లాంటిది) కొన్నాళ్లపాటు రీసైకిల్ బిన్‌లో ఉంటుంది. పిల్లలకు కనిపించకూడదంటే డిలీట్ అక్కర్లేదు, హైడ్ చేస్తే చాలు.

అపోహ: డ్రైవ్ లింకులు అతికిస్తే నోట్స్ ఎక్కించినట్టే.

పర్మిషన్ లేని లింక్ నొక్కితే పిల్లలకు కనిపించేది యాక్సెస్ అడగమనే పేజీయే. ఫైలే అప్‌లోడ్ చేయండి.

అపోహ: డ్యూ డేట్ దాటితే అసైన్‌మెంట్ తీసుకోదు.

తీసుకుంటుంది, లేట్ అని చూపిస్తుంది అంతే. నిజంగా తలుపు మూయాలంటే కట్-ఆఫ్ డేట్ కూడా పెట్టాలి.