హైదరాబాద్ ఎండల్లో గినీ పిగ్‌కి ఎలాంటి ఇల్లు?

పెట్ షాపులో గినీ పిగ్‌తో (ఇంట్లో పెంచుకునే, తోక లేని చిన్న బొచ్చు జంతువు) పాటు చేతిలో పెట్టే పంజరం చాలాసార్లు పక్షుల కోసం చేసినదే అయి ఉంటుంది. రెండడుగుల పొడవు, అడుగున ఇనుప జాలీ, దాని కింద ట్రే. కడుక్కోవడం మనకి తేలికే, లోపల ఉండే ప్రాణానికే నరకం.

ఒకసారి దాన్ని చేతుల్లోకి తీసుకుని పాదాలు చూడండి. ముందు కాళ్లకి నాలుగేసి వేళ్లు, వెనక కాళ్లకి మూడేసి. అరికాలి మీద బొచ్చు ఉండదు, చర్మం లేతగా ఉంటుంది. పెద్దదైతే కిలో దాకా తూగే ఒంటి బరువంతా ఆ చిన్న పాదాల మీదే. రోజంతా జాలీ మీద నిలబడితే అరికాలు ముందు ఎర్రబడుతుంది, తర్వాత పుండవుతుంది, ముదిరితే చీము ఎముక దాకా పాకుతుంది. అందుకే జాలీ అడుగున్న పంజరం ఎంత చవగ్గా వచ్చినా కొనకండి.

ఇవి ఎక్కే జంతువులు కావు, నేల మీద పరిగెత్తేవి. పై అంతస్తులున్న పంజరం చూడ్డానికి బావుంటుంది గానీ, వీటికి లెక్కలోకి వచ్చేది ఒకే మట్టంగా ఉన్న నేల. రెండింటికి కనీసం 7.5 చదరపు అడుగులు, 10 ఉంటే మేలు. రెండని ఎందుకన్నానంటే ఇవి గుంపుగా బతికేవి. స్విట్జర్లాండ్‌లో 2008 నుంచి ఒంటరిగా పెంచడం చట్టవిరుద్ధం కూడా. అంత పెద్ద పంజరం కొననక్కర్లేదు. గ్రిడ్ ప్యానెళ్లు (ఇనుప జాలీ పలకలు) గోడల్లా నిలబెట్టి జిప్ టైలతో బిగించి, ఫ్లెక్స్ బోర్డులు చేసే షాపుల్లో దొరికే సన్‌ప్యాక్ షీట్‌ని (ప్లాస్టిక్ అట్ట) అంచులు మడిచి అడుగున వేస్తే సరిపోతుంది. పైన పాత పేపర్లు, మందపాటి ఫ్లీస్ గుడ్డ. దాక్కోవడానికి అట్టపెట్టెలు పెట్టి, ఒక్కోదానికి రెండేసి దారులు కోయండి. లేకపోతే ఒకటి గుమ్మానికి అడ్డం కూర్చుని రెండోదాన్ని బయటికి రానివ్వదు.

మన ఊళ్లో అసలు టెన్షన్ ఎండతోనే. వీటి పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలు. ఒళ్లంతా దట్టమైన బొచ్చు, చెమట పట్టించి ఒళ్లు చల్లబరచుకునే వీల్లేదు. 18 నుంచి 24 డిగ్రీలు హాయి, 28 దాటితే ప్రమాదం. మే నెలలో హైదరాబాద్ 40 దాటడం మామూలే కాబట్టి బాల్కనీ మాట మర్చిపోండి. పై అంతస్తు ఫ్లాటైతే రాత్రి కూడా జాగ్రత్త: పగలంతా ఎండ తాగిన శ్లాబు చీకటి పడ్డాక ఆ వేడిని గదిలోకి వదులుతుంది. పడమటి గోడకి దూరంగా, ఏసీ ఉన్న గదిలో ఒక మూల ఇవ్వడం మేలు. కూలరైతే గాలి నేరుగా తగలనివ్వకండి, కిటికీ తెరిచి ఉంచండి. ఆ తేమకి ఇవి తినే ఎండుగడ్డి బూజు పడుతుంది, రోజూ మార్చాలి. నీడన ఉంచిన చిన్న తాండూరు బండ ముక్క లోపల పెడితే పొట్ట ఆనించి పడుకుంటాయి.

ఎగశ్వాస, నోట్లోంచి చొంగ, పిలిచినా కదలకపోవడం కనిపిస్తే వడదెబ్బే. ఐసు నీళ్లలో ముంచకూడదు. చల్లటి తడిగుడ్డతో చెవులు, పాదాలు తుడుస్తూ వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. కుక్కలు, పిల్లులు తప్ప చూడని డాక్టర్లు చాలామంది ఉంటారు, అందుకే చిన్న జంతువుల్ని చూసేవాళ్లెవరో మార్చిలోపే కనుక్కుని నంబరు దగ్గర పెట్టుకోండి.