కత్తి తక్కువ, కట్టు ఎక్కువ

ఇంట్లో వంకర పాదంతో బిడ్డ పుడితే ముందు గ్రహణం లెక్క తీస్తారు. ఆ పూట తల్లి బయటికొచ్చిందా, కాళ్లు ముడుచుకుని పడుకుందా, కత్తిపీట ముట్టిందా అని ఆరాలు మొదలవుతాయి. పచ్చి బాలింతకు ఆ నింద అదనం. గ్రహణానికీ ఈ పాదానికీ ఏ సంబంధమూ లేదు. గ్రహణాల భయం లేని దేశాల్లోనూ దాదాపు వెయ్యి కాన్పులకు ఒక బిడ్డ ఇలా పుడుతూనే ఉంది. మగపిల్లల్లో ఇది ఆడపిల్లల కంటే రెట్టింపు. సగం మందికి రెండు పాదాలూ అలాగే ఉంటాయి. జన్యువుల పాత్ర ఉంది కాబట్టి ఇంట్లో ఒకరికి ఉంటే మరొకరికి వచ్చే అవకాశం కొంత పెరుగుతుంది. ఏటా రెండు కోట్లకు పైగా కాన్పులు జరిగే మన దేశంలో వెయ్యికి ఒకరు అనుకున్నా 20 వేలకు పైనే పిల్లలవుతారు.

డాక్టర్లు దీన్ని క్లబ్‌ఫుట్ అంటారు. పాదం ముందు భాగం లోపలికి తిరిగి ఉంటుంది, అరికాలి గుంట లోతుగా ఉంటుంది, మడమ లోపలికి ఒరిగి పైకి లాక్కుపోయి ఉంటుంది. అలాగే వదిలేస్తే నడక వచ్చాక పిల్లవాడు పాదం అంచు మీద, కొందరైతే ఏకంగా పాదం పై భాగం మీద బరువు వేసి నడుస్తారు. అక్కడ చర్మం కాయ కాస్తుంది, పుండ్లు పడుతుంది. చెప్పులు పట్టవు.

ఎముకల ఆపరేషన్ల ఫలితాలను ఎలా చూడాలో, ఎప్పుడు చూడాలో ఈ ఒక్క సమస్య చరిత్ర చెప్పినంత బాగా ఇంకేదీ చెప్పదని నాకనిపిస్తుంది. "ఆపరేషన్ సక్సెస్" అనే మాట థియేటర్ గుమ్మంలోనే అనేస్తారు కదా. పాదం విషయంలో అది చాలా తొందరపాటు మాట.

ఈ పాదానికి ఇప్పుడు వాడే కట్ల పద్ధతి ఇగ్నాసియో పొన్సెటి అనే డాక్టరుది. ఆయన 1914లో స్పెయిన్‌కు చెందిన మెనోర్కా దీవిలో పుట్టాడు. తండ్రి గడియారాలు బాగుచేసేవాడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో రిపబ్లిక్ సైన్యంలో డాక్టరుగా విరిగిన ఎముకలకు కట్లు కట్టాడు. తన పక్షం ఓడిపోయాక, 1939లో గాయపడ్డవాళ్లను పిరనీస్ కొండలు దాటించి ఫ్రాన్స్ చేర్చాడు. తర్వాత మెక్సికోలో ఒక పల్లెటూళ్లో వైద్యం చేసి, 1941లో అమెరికాలోని అయోవా చేరుకున్నాడు. అక్కడి పెద్ద డాక్టరు ఆర్థర్ స్టైండ్లర్ వంకర పాదాలకు చాలా ఆపరేషన్లు చేసినవాడు.

పొన్సెటికి అప్పజెప్పిన పనుల్లో ఒకటి, ఎప్పుడో 1920లలో ఆపరేషన్ అయిన పిల్లలు పెద్దయ్యాక ఎలా ఉన్నారో చూడటం. పిలిపించి చూస్తే పాదాలు కొయ్యబారి ఉన్నాయి. నొప్పి, బలహీనత. ఆపరేషన్ నాడు తిన్నగా కనబడిన పాదం ఇరవై ఏళ్లకు పనికిరాకుండా పోయింది. సొంత సంస్థ రికార్డులు తిరగేసి, సొంత గురువు చేసిన పని ఫలితం బాలేదని చెప్పాలంటే ధైర్యం కావాలి. ఆయన ప్రతిభ కంటే నాకు అదే గొప్పగా అనిపిస్తుంది.

ఎందుకిలా అయిందో ఆలోచిస్తూ ఆయన పసిపిల్లల పాదాల నిర్మాణంలోకి వెళ్లాడు. పుట్టినప్పుడు పాదంలోని ఎముకల్లో ఎక్కువ భాగం ఇంకా మృదులాస్థే. ఏ వైపు ఒత్తిడి పడితే ఆ ఆకారం తీసుకుంటుంది. ఎముకలను బిగించి పట్టుకున్న లిగమెంట్లలోని కొలాజెన్ అనే ప్రొటీన్ పోగులు అలలు అలలుగా ఉంటాయి. మెల్లగా సాగదీస్తే ఆ అలలు విప్పుకుంటాయి. అదే స్థితిలో నాలుగైదు రోజులు పట్టి ఉంచితే కొత్త పొడవులో మళ్లీ అలలు ఏర్పడతాయి, ఇంకొంచెం సాగదీయడానికి వీలవుతుంది. అదే లిగమెంటును కత్తితో కోస్తే ఆ చోట మచ్చ కణజాలం పెరుగుతుంది. దానికి సాగే గుణం తక్కువ. పిల్లవాడు పెరుగుతాడు, మచ్చ పెరగదు. బిగుతు మళ్లీ వస్తే మళ్లీ కోత, మళ్లీ మచ్చ.

కట్లు కట్టి సరిచేయడం ఆయన కనిపెట్టింది కాదు. క్రీస్తు పూర్వమే హిప్పోక్రటీస్ చేతితో సరిచేసి గుడ్డ కట్లు కట్టమన్నాడు. పొన్సెటికి కాస్త ముందు హైరమ్ కైట్ అనే అమెరికన్ సర్జన్ కూడా ఆపరేషన్లు వద్దు, పిండికట్లే మేలన్నాడు. కాకపోతే ఆయన పద్ధతిలో నెలల తరబడి, ఒక్కోసారి రెండేళ్లు కట్లు కట్టాల్సి వచ్చేది. తేడా ఎక్కడుందంటే బొటనవేలు ఆనించే చోట. కైట్ పాదం బయటి అంచు మధ్యలో, మడమ ఎముక ముందున్న కీలు దగ్గర అదిమేవాడు. దాంతో మడమ ఎముక కదలాల్సిన దారే మూసుకుపోయేది. పొన్సెటి వేలిని చీలమండ కింద టాలస్ అనే ఎముక తల మీద ఆనించాడు. టాలస్‌ను ఇరుసులా నిలబెట్టి, మిగతా పాదమంతా దాని చుట్టూ బయటికి తిరిగేలా చేశాడు. అలా తిప్పితే మడమ తనంతట తానే సర్దుకుంటుంది. పసిపాప పాదంలో ఆ రెండు చోట్లకూ మధ్య దూరం ఎంతని! అయినా ఏళ్లు పట్టే వైద్యాన్ని వారాల్లోకి కుదించింది ఆ తేడాయే.

కట్టు వేసే గదిలో జరిగేది చూస్తే పెద్ద హడావిడేమీ ఉండదు. బిడ్డ తల్లి ఒళ్లో పాలు తాగుతుంటుంది, లేదా సీసా పట్టిస్తారు. కడుపు నిండిన బిడ్డ కాలు బిగబట్టదు. ఒకరు వేళ్ల దగ్గర పాదం పట్టుకుంటే ఇంకొకరు పల్చగా దూది చుట్టి, దాని మీద పిండికట్టు చుడతారు. మోకాలు మడిచి, తొడ పైదాకా. మోకాలి కిందికే వేస్తే కట్టు జారిపోతుంది, పాదం తిప్పిన చోట నిలవదు. మొదటి కట్టు చూసి తల్లిదండ్రులు కంగారు పడుతుంటారు, ఎందుకంటే పాదం మరింత వంకర తిరిగినట్టు కనిపిస్తుంది. ముందు అరికాలి గుంటను సరిచేయడానికి బొటనవేలి వైపు భాగాన్ని పైకెత్తుతారు, అందుకే అలా ఉంటుంది. తర్వాత వారం వారం కట్టు విప్పి, కాస్త కాస్త బయటికి తిప్పి, కొత్త కట్టు వేస్తారు. వేళ్లు మాత్రం కనబడుతుండాలి. వేళ్లు నీలంగా మారినా, తెల్లబోయినా, కట్టులోకి దూరిపోతున్నట్టు అనిపించినా వెంటనే తీసుకురమ్మంటారు.

పుట్టిన వారం పది రోజుల్లో మొదలుపెడితే మంచిది. సాధారణంగా ఐదారు కట్లకు పాదం తిన్నబడుతుంది. మిగిలేది మడమ. చాలా మంది పిల్లల్లో అది కిందికి దిగదు, ఎందుకంటే వెనక పిక్క కండరాన్ని మడమకు కలిపే తాడులాంటి అకిలీస్ టెండన్ బిగుసుకుని ఉంటుంది. అప్పుడు మాత్రం కత్తి బయటికొస్తుంది. చిన్న మత్తు సూదితో ఆ చోటు మొద్దుబార్చి, సన్నని మొనతో టెండన్‌ను అడ్డంగా తెంపేస్తారు. కుట్టు కూడా అక్కర్లేదు. మూడు వారాలు చివరి కట్టు. ఆలోపు తెగిన టెండన్ కొత్త పొడవులో అతుక్కుంటుంది.

పొన్సెటి ఈ పద్ధతి ఫలితాలను 1963లో ప్రచురించాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1971లో విన్సెంట్ టర్కో అనే అమెరికన్ సర్జన్ పాదం లోపలి వైపునా వెనకా బిగుసుకున్నవన్నీ ఒకేసారి వదులు చేసే ఆపరేషన్ గురించి రాశాడు. అది అందరికీ నచ్చింది. సర్జన్‌కు చేతినిండా పని, ఒక్క పూటలో తిన్నని పాదం, ఎక్స్‌రేలో ఎముకలన్నీ బుద్ధిగా వరసలో. వారం వారం పసిపాప కాలు పట్టుకుని కూర్చోవడం దాని ముందు ఏం ఆనుతుంది? ఆ తర్వాత రెండు మూడు దశాబ్దాలు పెద్ద ఆపరేషన్లే రాజ్యమేలాయి.

లెక్క తేలడానికి పిల్లలు పెద్దవాళ్లయ్యేదాకా ఆగాల్సి వచ్చింది. 1995లో అయోవా డాక్టర్లు కూపర్, డైట్జ్ తమ దగ్గర పసితనంలో కట్లు వేయించుకున్న 45 మందిని పిలిచి పరీక్షించారు. వాళ్ల సగటు వయసు అప్పటికి 34. నొప్పి ఉందా, రోజువారీ పనులు సాగుతున్నాయా అని చూస్తే 78 శాతం మందికి ఫలితం బాగుంది లేదా చాలా బాగుంది. పుట్టుకతో ఏ లోపమూ లేని వాళ్లను అదే కొలతతో చూస్తే వచ్చింది 85 శాతం. మామూలు పాదాలకూ నొప్పులు తప్పవన్నమాట! ఇంకో సంగతి కూడా బయటపడింది. ఎక్స్‌రే చూసి ఎవరి పాదం బాగా పనిచేస్తోందో చెప్పడం కుదరలేదు. సర్జన్లు ముచ్చటపడిన ఆ బొమ్మకూ పాదం పనితీరుకూ పొత్తు లేదు.

2006లో డాబ్స్ అనే డాక్టరు బృందం అవతలి వైపు లెక్క తీసింది. పెద్ద ఆపరేషన్లు చేయించుకున్న 45 మందిని సుమారు 30 ఏళ్ల తర్వాత చూస్తే చాలా మంది పాదాలు సరిగా పనిచేయడం లేదు. ఎంత ఎక్కువ కోసి వదులు చేశారో అంత ఎక్కువ ఇబ్బంది. దీనికి రెండేళ్ల ముందే, అయోవాలో 157 మంది పిల్లలకు పొన్సెటి పద్ధతి వాడితే 98 శాతం మంది పాదాలు సరయ్యాయని, పెద్ద ఆపరేషన్ అవసరమైంది కేవలం 2.5 శాతానికని ఇంకో అధ్యయనం వచ్చింది. అప్పటికే ఇంటర్నెట్‌లో తల్లిదండ్రులు ఒకరికొకరు చెప్పుకుంటూ ఈ పద్ధతిని వెతుక్కుంటూ వెళ్లడం మొదలైంది. 2009లో 95 ఏళ్ల వయసులో పొన్సెటి కన్నుమూసే నాటికి తన పద్ధతి ప్రపంచమంతా పాకడం ఆయన చూశాడు.

ఇక్కడ అకిలీస్ టెండన్ గురించి ఒక పక్క మాట. పసిపాపలో డాక్టరే తెంపి వదిలేసే ఈ టెండన్ పెద్దవాళ్లలో షటిల్ ఆడుతూనో పరుగెడుతూనో తెగితే, కుట్టాలా వద్దా అన్నది పాత తగువు. 2022లో నార్వేలో 526 మంది మీద చేసిన అధ్యయనంలో ఆపరేషన్ లేకుండా కట్టు, బూటు వాడినవాళ్లూ, కోసి కుట్టించుకున్నవాళ్లూ, చిన్న గాటుతో కుట్టించుకున్నవాళ్లూ ఏడాది తర్వాత పనితీరులో సమానంగా ఉన్నారు. కుట్టని వాళ్లలో 6.2 శాతం మందికి టెండన్ మళ్లీ తెగింది, కుట్టిన వాళ్లలో 0.6 శాతానికే. నరాలు దెబ్బతినడం మాత్రం కుట్టిన వాళ్లలోనే ఎక్కువ. కాబట్టి ఆటే బతుకుతెరువైన వాడి నిర్ణయం ఒకలా, ఆఫీసులో కూర్చునే వాడి నిర్ణయం ఒకలా ఉండొచ్చు. ఫలితం బాగుందా అని అడిగితే సరిపోదు. ఏ విషయంలో బాగుంది, ఎన్నాళ్ల తర్వాత చూశారు అని కూడా అడగాలి.

క్లబ్‌ఫుట్‌లో అసలు కష్టం పాదం సరయ్యాక మొదలవుతుంది. చివరి కట్టు విప్పగానే రెండు బూట్లను ఒక కడ్డీకి బిగించిన బ్రేస్ ఇస్తారు. మూడు నెలలు రోజుకు 23 గంటలు, ఆ తర్వాత నాలుగైదేళ్ల దాకా రాత్రిళ్లూ పగటి నిద్రలోనూ వేయాలి. పాదం చూడ్డానికి తిన్నగా ఉంటుంది. బిడ్డ ఏడుస్తుంది. అమ్మమ్మ గుండె ఆగదు, "పోనీలేవే, ఈ ఒక్క రాత్రికి తీసెయ్" అంటుంది. ఆ ఒక్క రాత్రి వారమవుతుంది. పాదాన్ని లోపలికి లాగిన గుణం ఇంకా పోలేదు, చిన్నతనమంతా అది పనిచేస్తూనే ఉంటుంది. వంకర తిరగబెట్టడానికి మొదట్లో పాదం ఎంత వంకరగా ఉందన్నది కారణంగా తేలలేదు. బ్రేస్ సరిగా వాడకపోవడమే అసలు కారణమని అయోవా లెక్కలు చెబుతున్నాయి. ఏడుపు సాధారణంగా మొదటి రెండు మూడు రోజులే. రెండు కాళ్లూ కలిపి తన్నడం తెలిశాక బిడ్డకు అదే ఆట అయిపోతుంది. అప్పటికీ ఆగకపోతే బూటు లోపల మడమ దగ్గర బొబ్బ ఉందేమో చూడాలి.

తిరగబెడితే మళ్లీ కట్లు వేస్తారు. రెండున్నరేళ్లు దాటిన కొందరికి, పాదాన్ని లోపలికి లాగే ఒక టెండన్‌ను బయటి వైపుకు మార్చే ఆపరేషన్ చేస్తారు. కీళ్లను తెరవరు కాబట్టి పాదం కొయ్యబారదు. పొన్సెటి వాళ్లు కత్తిని పూర్తిగా పక్కన పెట్టలేదు, ఎక్కడ వాడాలో తేల్చారు.

పిల్లల ఆరోగ్యం కోసం 2013లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో వంకర పాదం కూడా ఉంది. ఇంటికొచ్చే ఆశా కార్యకర్త బిడ్డ పాదాలు చూసి, జిల్లా స్థాయిలోని సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి. వైద్యం ఉచితం. ఇక ఇంట్లో బ్రేస్ వాడుతున్న పిల్లవాడికి నడక వచ్చాక నెలకోసారి గొంతుక్కూర్చోమని చూడండి. రెండు మడమలూ నేలకు ఆనాలి. ఒకటి లేస్తోందంటే వంకర తిరగబెట్టడం మొదలైనట్టే అనుకుని, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఆ వారమే తీసుకెళ్లండి.