ఇనుముకు పుత్తూరు కట్టు లేదు

చిట్టికి, నానికి తాతయ్య ఆశీస్సులు.

చిట్టి ఉత్తరం అందింది. "గొడుగు ఊచ విరిగినా, చెప్పు తెగినా బాగుచేయించే తాతయ్య, ట్రాక్టరు క్రాంకు మీద వెంట్రుకంత గీత ఉందని కొత్తది ఎందుకు కొన్నాడు?" అని అడిగింది. నా చాదస్తం వదిలిందని నాని సంబరపడ్డాడట. వదల్లేదు నాయనా.

తప్పు నాదే. దమ్ము చేసే రోజుల్లో, ఇంకొక్క మడే కదా అని ఇంజనుకు నూనె అందడం లేదని చెప్పే దీపం ఎర్రగా వెలుగుతున్నా చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఇంజను పట్టేసింది. విప్పితే క్రాంకు రెండో పిన్ను మీద గోరు తగులుకునేంత గీతలు.

ఇంజనులో పిస్టన్లు పైకీ కిందికీ కొట్టుకుంటాయి. ఆ కొట్టుకోవడాన్ని గుండ్రంగా తిప్పే వంకర ఇరుసే క్రాంకు. మీ నాయనమ్మ చెయ్యి తలుచుకోండి. పెళ్ళినాటికి రెండున్నర సైజు గాజులు వేసుకునేది, ఇప్పుడు రెండుంబావు సరిపోతున్నాయి. చెయ్యి చిక్కింది, గాజు మారింది, అంతే. క్రాంకులో పిస్టన్ రాడ్డు పట్టుకునే గుండ్రటి భాగాన్ని పిన్ను అంటారు. అది చెయ్యి అనుకోండి, దాని చుట్టూ ఉండే బేరింగు గాజు. పిన్ను మీద గీతలు పడితే దాన్ని గ్రైండింగు మిషను మీద 0.25 మిల్లీమీటర్లు సన్నం చేసి, అంత చిన్న గాజు తొడుగుతారు. మళ్ళీ పాడైతే 0.50, ఆపైన 0.75. షాపులో వీటినే పది, ఇరవై, ముప్పై అంటారు. అంగుళాన్ని వెయ్యి భాగాలు చేసిన లెక్క అది. మన క్రాంకు ఇంతకుముందు ఒక్క 'పది' మాత్రమే అయింది, ఇంకా సన్నం కాగలదు. కాకపోతే నాయనమ్మ గాజులో వేలు దూరుతుంది, ఇక్కడ సందు ఇంచుమించు వెంట్రుకంత, అందులోనే నూనె తిరగాలి. సరే, గీతలకు భయపడి కొనలేదన్నమాట.

నెల్లూరు లేతు షాపులో మేస్త్రి క్రాంకును కిరోసిన్‌తో తడిపి, పొడిగా తుడిచి, సుద్దపొడి పూసి పక్కన పెట్టాడు. మేము టీ తాగి వచ్చేసరికి రెండో పిన్ను మూలలో తెల్లటి సుద్ద మీద సన్నటి తడిగీత తేలింది. పగులులో దాక్కున్న కిరోసిన్ పైకి ఊరింది. తుడిచి మళ్ళీ పూశాడు. మళ్ళీ అక్కడే, అదే గీత. గోరు పెట్టి చూశాను, ఏమీ తగల్లేదు. భయపెట్టిన గీతలు బాగుచేయగలిగినవి, చేతికి అందనిదే ప్రాణం తీసేది. మేస్త్రి ఇక గ్రైండింగు మాట ఎత్తలేదు.

చొక్కా జేబు చిరగడం ఎక్కడ మొదలవుతుంది? మూలలోనే కదా. క్రాంకుకూ అంతే. ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరిగితే ఆ ఒక్క పిన్ను మీద రెండు చుట్లకు ఒకటి చొప్పున 1,000 సార్లు మంట దెబ్బ పడుతుంది. దెబ్బ దెబ్బకూ పగులు కాస్త కాస్త లోపలికి పాకుతుంది. పిన్నును ఎంత సన్నం చేసినా అది పోదు, మనకంటే ముందే లోతుకు దిగి ఉంటుంది.

గాజుల సంగతి చెప్పాను కనుక చెయ్యి సంగతీ చెప్పాలి. ఏడో తరగతిలో నేను చింతచెట్టు మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాను. మా నాన్న, విరిగిన ఎముకలకు పసరు కట్టు కట్టే పుత్తూరుకు తీసుకువెళ్ళి కట్టు కట్టించాడు. పసరు వాసనకు బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు, కిటికీ సీటు నాదే! కొన్నాళ్ళకు చెయ్యి అతుక్కుంది, ఇప్పుడు ఈ ఉత్తరం రాస్తున్నది ఆ చేత్తోనే. ఆ ఏడే బావి దగ్గర ఆయిల్ ఇంజను క్రాంకు పగిలింది. కొడుకు చెయ్యి అతుక్కోవడం చూసిన నమ్మకంతో నాన్న దానికీ వెల్డింగు పెట్టించాడు. మూడో రోజు మిట్టమధ్యాహ్నం పెద్ద చప్పుడు. క్రాంకు రెండు ముక్కలై, పిస్టన్ను దానికి కలిపే రాడ్డు ఇంజను గోడను పొడుచుకుని బయటికి వచ్చింది. క్రాంకుతో పోవలసింది ఇంజనంతా పోయింది. నారుమడి ఎండిపోతుంటే నాన్న గట్టు మీద కూర్చుని ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఎముక ప్రాణమున్నది, తనను తాను అల్లుకుంటుంది. ఎలా అల్లుకుంటుందో మీ సైన్సు మాస్టారిని అడగండి, నాకైతే ఇప్పటికీ వింతే. ఇనుముకు ఆ విద్య రాదు. అందుకే దేన్నైనా బాగుచేయించే ముందు, చెడింది పైతోలో లోపలి ఎముకో చూసుకోవాలి. గొడుగుకు ఊచ మారిస్తే చాలు కాబట్టి మార్పిస్తాను. ఇది పిసినారితనమని నాని అనుకుంటే అనుకోనీ.

పాత క్రాంకును పాతసామాన్లవాడికి వేయలేదు. వేపచెట్టు కొమ్మకు తాడుతో వేలాడదీశాను. దసరా సెలవులకు వచ్చినప్పుడు చిన్న సుత్తితో మెల్లగా తట్టి చూడండి. పగులు లేనిది గుడిగంటలా మోగుతుంది, ఉన్నది పగిలిన కుండలా టప్‌మంటుంది అంటారు. నేను రోజూ తడుతున్నాను. ఒకరోజు గంటలా, ఒకరోజు కుండలా వినిపిస్తోంది. మీ చెవులు లేతవి, విని చెప్పండి.

మీ
తాతయ్య