కుందేళ్లు, నక్కల కోసం బ్రిటన్‌లో మొదటి గన్ లైసెన్స్: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లో రైతుల పొలాల్లో కుందేళ్లు, నక్కల బెడద తగ్గించే పని పదకొండేళ్లుగా చేస్తున్నాను. ఇక్కడ స్థిరపడిన మన తెలుగువాళ్లలో పల్లె వైపు ఇల్లు కొనుక్కున్నవాళ్లు, గొర్రెలూ కోళ్లూ పెంచుతున్నవాళ్లు ఈమధ్య కొందరు కనిపిస్తున్నారు. "అన్నా, లైసెన్స్ ఎలా వస్తుంది?" అని అడుగుతారు. అడిగేలోపే సగం తప్పుడు సమాచారం తలకెక్కించుకుని ఉంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక హెచ్చరిక. ఇక్కడ నక్క అంటే ఎర్ర నక్క. మన ఊళ్ల గుంటనక్కకీ, చెవులపిల్లికీ భారతదేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. వాటిని చంపడం నేరం. నేను చెప్పేదంతా ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లాండ్‌ల సంగతి. ఉత్తర ఐర్లాండ్ చట్టం వేరు.

అపోహ: ముందు లైసెన్స్ తెచ్చుకుంటే, పొలం తర్వాత చూసుకోవచ్చు.

సరిగ్గా తలకిందులు. రైఫిల్‌కి కావాల్సింది ఫైర్‌ఆర్మ్ సర్టిఫికెట్. 1968 నాటి ఫైర్‌ఆర్మ్స్ చట్టం ప్రకారం దాన్ని ఇచ్చేది పోలీసులు. మీరు నమ్మదగిన మనిషేనా, మీ వల్ల జనానికి ప్రమాదం లేదు కదా, ఆ తుపాకీ మీ దగ్గర ఉండడానికి సరైన కారణం ఉందా అని చూస్తారు. ఆ కారణం ఎక్కడో ఒక పొలంలో ఉండాలి. ఆత్మరక్షణ కోసం అని రాస్తే అది కారణం కిందకే రాదు.

కారణం ఎలా ఉంటుందో నా మొదటి పొలంలో చూశాను. కంచె వెంట గోధుమ పైరును పది అడుగుల వెడల్పున ఎవరో కత్తెరతో కత్తిరించినట్టుంది. చేను మధ్యలో మోకాలెత్తు పైరు, అంచున వేలెడంత మోళ్లు. వాటి మధ్య బఠాణీ గింజలంత పెంటికలు. రైతుకి కుందేళ్లను అదుపు చేయడం ఇష్టాయిష్టాల విషయం కూడా కాదు. 1954 నాటి పెస్ట్స్ చట్టం కింద ఇంగ్లండ్, వేల్స్‌లలో దాదాపు అన్నిచోట్లా అది భూమి అనుభవిస్తున్నవాడి బాధ్యత. కాబట్టి నమ్మకంగా పనిచేసే మనిషి దొరికితే రైతు సంతోషంగా కాగితం రాసిస్తాడు. ఆ కాగితంలో ఆయన పేరు, పొలం చిరునామా, ఏ జంతువుల కోసం అనుమతి అన్నవి ఉండాలి. హద్దులు గీసిన మ్యాప్ జతచేస్తే ఇంకా మంచిది.

ఎన్ని ఎకరాలుండాలని చాలామంది అడుగుతారు. చట్టంలో అలాంటి లెక్క లేదు. ఆ నేల మీద ఆ తుపాకీ క్షేమంగా పేల్చగలమా అన్నదే ప్రశ్న.

అపోహ: బ్రిటిష్ సిటిజన్‌షిప్ ఉంటేనే ఇస్తారు.

చట్టంలో ఆ షరతు లేదు. మనవాళ్లకి అసలు చిక్కు పౌరసత్వం దగ్గర కాదు, రిఫరీల దగ్గర, అంటే మీ గురించి పోలీసులకి మాట చెప్పేవాళ్ల దగ్గర వస్తుంది. ఫైర్‌ఆర్మ్ సర్టిఫికెట్‌కి ఇద్దరు కావాలి. వాళ్లకి మీరు కనీసం రెండేళ్లుగా తెలిసి ఉండాలి, వాళ్లు గ్రేట్ బ్రిటన్‌లోనే ఉండాలి. బంధువులు, పోలీసు ఉద్యోగులు, తుపాకుల డీలర్లు పనికిరారు. బావమరిదితో సంతకం పెట్టించవచ్చులే అనుకున్నవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. పక్కింటివాళ్లతో, ఆఫీసువాళ్లతో నిజమైన పరిచయం పెంచుకున్నవాళ్లకి ఇది పెద్ద పని కాదు.

అపోహ: పాత విషయాలు, చిన్న విషయాలు రాయక్కర్లేదు.

రాయాలి. మిగతా చోట్ల కాలం చెల్లిపోయిన శిక్షలు కూడా ఈ ఫారంలో చెప్పాలి. హెచ్చరికలు, స్పీడింగ్ కేసులు అన్నీ. పార్కింగ్ జరిమానాలు మాత్రం అక్కర్లేదు. నా మొదటి దరఖాస్తులో ఆరేళ్ల కిందటి స్పీడింగ్ ఒకటి మర్చిపోయాను. పంపిన రెండో రోజు రాత్రి గుర్తొచ్చింది. నిద్ర పట్టలేదు. పొద్దున్నే పోలీసుల లైసెన్సింగ్ ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పాను. ఫోన్ ఎత్తినామె రాసుకుని, "చెప్పినందుకు థ్యాంక్స్" అంది, అంతే. స్పీడింగ్ వల్ల లైసెన్స్ పోదు. తెలిసి దాచారని తేలితే మాత్రం పోతుంది, పైగా తెలిసి అబద్ధం రాయడం దానంతటదే నేరం.

అపోహ: డిప్రెషన్‌కి మందులు వాడితే జన్మలో లైసెన్స్ రాదు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టే అపోహ ఇదే. 2021 నవంబరు నుంచి అమల్లో ఉన్న మార్గదర్శకాల ప్రకారం డాక్టర్ నుంచి ఆరోగ్య సమాచారం రాకుండా పోలీసులు సర్టిఫికెట్ ఇవ్వరు. ఆ సంగతి విని కొందరు డాక్టర్ దగ్గరికే వెళ్లడం మానేస్తున్నారు. నాకు తెలిసిన ఒక కుర్రాడు నాన్న పోయాక నెలల తరబడి నిద్రలేక నలిగిపోయాడు. రికార్డులోకి ఎక్కుతుందన్న భయంతో ఎవరికీ చెప్పుకోలేదు. డిప్రెషన్ ఉన్నంత మాత్రాన తిరస్కరించరు. ఎంత తీవ్రం, ఎప్పుడు, ఇప్పుడు ఎలా ఉన్నారు, చికిత్స తీసుకున్నారా అన్నవి చూస్తారు. చికిత్స తీసుకుని కోలుకున్న మనిషి మీద నమ్మకం కుదురుతుంది. తుపాకీ ఆగుతుంది, మనసు ఆగదు. ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

అపోహ: చిన్న తూటా అయితే ప్రమాదం తక్కువ.

కుందేళ్లకి ఎక్కువమంది వాడేది పాయింట్ 22 రిమ్‌ఫైర్ అనే చిన్న తూటా రైఫిల్. చప్పుడు తక్కువ, తూటా చవక. చూడ్డానికి బొమ్మ తుపాకీలా ఉంటుంది. కానీ ఆ తూటా మైలు దాటి వెళ్లగలదు. అది మెత్తటి సీసం, వేగం తక్కువ. గట్టి నేల మీద, రాళ్ల మీద, నీళ్ల మీద పడితే ముక్కలవకుండా ఎగిరి ఇంకో దిక్కుకి పోతుంది. చెరువులో పెంకు విసిరితే తేలుతూ గెంతుతుందే, అలాగ. నక్కలకి వాడే పాయింట్ 223, పాయింట్ 243 లాంటి సెంటర్‌ఫైర్ తూటాలు ఎంతో శక్తివంతమైనవి, కానీ తేలికగా, వేగంగా ఉండే రకాలు నేలని తాకితే చాలావరకు అక్కడే చితికిపోతాయి. ప్రమాదం దేనికైనా ఉంటుంది. దాన్ని ఆపేది తూటా వెనకుండే మట్టిగట్టు.

గొర్రెలు ఈనే రోజుల్లో ఒక సాయంత్రం సుమారు తొంభై గజాల దూరంలో నక్క బయటికొచ్చింది. ముందురోజు రెండు గొర్రెపిల్లల్ని పోగొట్టుకున్న రైతు నా పక్కనే ఉన్నాడు. నక్క సరిగ్గా దిబ్బ కొనమీద నిలబడింది. దాని వెనక ఆకాశం తప్ప ఏమీ లేదు. ఆ ఆకాశం కింద ఎక్కడో రోడ్డుంది. వేలు ట్రిగ్గర్ మీదికి పోనివ్వలేదు. అది నెమ్మదిగా అవతలికి దిగిపోయింది. రైతు ఏమీ అనలేదు. నాలుగో రోజు అదే నక్క పల్లంలోకి వచ్చింది, వెనక గట్టుంది, ఒక్క తూటాతో అక్కడికక్కడే పడిపోయింది.

కొత్తవాళ్లకి పోలీసులు సాధారణంగా "క్లోజ్డ్" సర్టిఫికెట్ ఇస్తారు, అంటే వాళ్లు సరేనన్న పొలాల్లోనే కాల్చాలి. అనుభవం వచ్చాక "ఓపెన్" అడగవచ్చు. దీన్ని అవమానంగా తీసుకోకండి. గట్టు చూసే కన్ను కాలం మీదే వస్తుంది.

అపోహ: ట్రైనింగ్ కోర్సు సర్టిఫికెట్ తప్పనిసరి.

చట్టం అడగదు. కానీ దరఖాస్తు మీద విచారణకొచ్చే పోలీసు ఆఫీసర్ మీ అనుభవం అడుగుతాడు. ఇంకా సర్టిఫికెట్ లేనివాళ్లు కూడా నేర్చుకునే దారి ఉంది: ప్రైవేటు భూమిలో, సర్టిఫికెట్ ఉన్న యజమాని లేదా ఆయన రాతపూర్వకంగా అనుమతించిన సర్టిఫికెట్ హోల్డర్, తన కళ్లముందే తన రైఫిల్ మీకిచ్చి వాడనివ్వవచ్చు. మీకు పదిహేడేళ్లు నిండి ఉండాలి. నేను అలాగే నేర్చుకున్నాను.

కొన్ని చిన్నవి.

షాట్‌గన్‌కీ ఇదే కాగితమా? కాదు, వేరే సర్టిఫికెట్. దాని మీద భద్రంగా దాచగలిగినన్ని షాట్‌గన్లు ఉంచుకోవచ్చు. రైఫిల్ అలా కాదు. ప్రతిదానికీ విడిగా కారణం చూపాలి, తూటాల సంఖ్యకీ పరిమితి ఉంటుంది, కొన్న ఏడు రోజుల్లో పోలీసులకి తెలపాలి. ఎయిర్ రైఫిల్? శక్తి పన్నెండు ఫుట్-పౌండ్లు (దెబ్బ బలానికి కొలత) దాటని దానికి ఇంగ్లండ్, వేల్స్‌లలో పెద్దవాళ్లకి సర్టిఫికెట్ అక్కర్లేదు, స్కాట్లాండ్‌లో 2016 చివరి నుంచి కావాలి. దగ్గరి దూరంలో కుందేలుకి చాలు. నక్క మీద ఎప్పుడూ వాడకండి, గాయంతో రోజుల తరబడి నరకం పడుతుంది. ఖర్చు? 2025 ఫిబ్రవరిలో మొదటి ఫైర్‌ఆర్మ్ సర్టిఫికెట్ ఫీజు 88 పౌండ్ల నుంచి 198కి పెరిగింది. డాక్టర్ ఫీజు వేరే ఉండవచ్చు. చెల్లుబాటు ఐదేళ్లు.

ఇంటి తనిఖీ గురించి టెన్షన్ పడేవాళ్లెక్కువ. మా ఇంటికొచ్చిన ఆఫీసర్ గన్ క్యాబినెట్‌ని రెండు చేతులతో పట్టుకుని గట్టిగా గుంజి చూశాడు, ఇటుక గోడకి బోల్టులు ఎంత లోతుకి దిగాయో అడిగాడు. తర్వాత మా ఆవిడ వైపు తిరిగి, "తాళంచెవి ఎక్కడుంటుందో మీకు తెలుసా?" అన్నాడు. తెలియదంది. అదే సరైన జవాబు. సర్టిఫికెట్ లేని మనిషికి, కట్టుకున్న భార్యకైనా సరే, ఆ తాళం అందకూడదు.

మొత్తం పూర్తవడానికి నాకు ఏడు నెలలు పట్టింది. మార్చిలో గొర్రెలు ఈనడం మొదలయ్యాక దరఖాస్తు చేస్తే ఆ ఏడాదికి అందదు. కోతలయ్యాక, సెప్టెంబరులో రైతు కాస్త తీరిక పడినప్పుడు వెళ్లి కలవండి. తుపాకీ మాట అప్పుడే ఎత్తకండి. ఏ కంచె పక్కన నష్టం ఎక్కువో చూపించమనండి, ఆయనతో పాటు పొలమంతా ఒకసారి నడవండి, గట్లు ఎక్కడున్నాయో, కాలిబాట ఎటు పోతుందో ఒక కాగితం మీద గీసుకోండి. దరఖాస్తుకి పనికొచ్చే మొదటి కాగితం అదే.